మూడడుగుల లెక్క

నారాయణపేట సరాఫు బజారులో
ఒకరి భుజానికి ఒకరు ఆనుకున్న అయిదిళ్లు.
మూడో ఇంటి ముందు
టేపు మొదలు నా చేతిలో,
కొస ఉసేనప్ప మేస్త్రి చేతిలో.

ముఖం దొరలది.
డంగుసున్నం ఆరకముందే తాపీ మొనతో గీతలు గీసి
రాయి కానిదాన్ని రాయని నమ్మించారు.
స్తంభాలు వీధిలోకి సగం, గోడలోకి సగం.
ఆ రెండో సగం ఉందా అని
నూరేళ్లుగా ఎవరూ అడగలేదు.
తలుపు నెత్తిన అరచందమామ,
ఎరుపు, ఆకుపచ్చ, పసుపు అద్దాలు,
నీలం పగిలిన చోట
పాత క్యాలెండర్ అట్ట.
బాల్కనీ ఇనుప లతలు
కృష్ణా స్టేషనులో రైలు దిగి
ఎడ్లబండి మీద రెండు రాత్రులు
పడుకొని వచ్చాయట.

పెచ్చు ఊడినచోట వేలు పెడితే మట్టి,
మట్టిలో జొన్నచొప్ప,
ఎవరిదో విరిగిన గాజు.
"ఊరంత గిట్లనే మేడం" అన్నాడు ఉసేనప్ప,
"మొగం సున్నం, కడుపు మన్ను."

ఫారంలో పదకొండో గడి: నిర్మాణ శైలి.
రాసి, కొట్టేసి, మళ్లీ రాసి
చివరికి 'మిశ్రమం' అన్నాను.
తెలియదని రాయలేని చోట
రాసే మాట అది.

చీరల మడతలు వదిలి
శరణప్ప బయటికొచ్చి అడిగాడు:
"లిస్టుల వడితె మేకు గూడ కొట్టొద్దంట గద.
మరి మా నాయిన ఫోటో యాడ దగిలియ్యాలె?"
ఫారంలో ఆ గడి లేదు.

సాయంత్రం కూడితే
వీధి వైపు ముప్పై రెండడుగులు.
లోపల గదులూ గోడలూ, చివరికి గూళ్ల లోతూ కలిపినా
ఇరవై తొమ్మిది.
మళ్లీ కొలిచాం. టేపును తిట్టాం.
నాలుగో ఇంట్లోనూ కొలిచాం, వాళ్ల లెక్క సరిపోయింది.
మూడడుగులు ఎక్కడో ఊపిరి బిగబట్టి
మమ్మల్ని చూస్తున్నాయి.

నడిమి గోడ మీద
పంతొమ్మిదేళ్ల దావా.
గోడ మాదని ఇటు, మాదేనని అటు.

ఉసేనప్ప గోడకు చెవి ఆనించి
పుచ్చకాయ కొనేవాడిలా
వేలి కణుపుతో కొట్టుకుంటూ పోయాడు.
ధప్. ధప్. ధప్.
తర్వాత, వేరే చప్పుడు.

అటక మీద పలక లేపి టార్చి వేస్తే
మెట్లు!
చంకన బిందె పెట్టుకున్న మనిషి
ఒక్కరే పట్టేంత చీకటి.
పదిహేడు మెట్లు, నడుమ గిన్నెల్లా అరిగినవి.
కింది తలుపు ఈ ఇంట్లోకి,
పై తలుపు ఆ ఇంట్లోకి,
రెండూ ఇటుకతో మూసినవే.
ముందు మూసింది ఎవరో
ఇటుకలు చెప్పలేదు.
ఎనిమిదో మెట్టు మీద ఒక కండె,
దానికి ఇంకా నాలుగు చుట్ల ఎర్ర నూలు.

ఇక్కడ సున్నం మీద రాతిగీతలు లేవు.
ఎవరికి చూపాలని?
మెత్తినవాడి అయిదు వేళ్లు మాత్రం
మెత్తిన చోటే ఉన్నాయి,
నడుమెత్తున చేతులు రాసి రాసి
నల్లబడ్డ నూనె చార ఒకటి.

అటువైపు నీలమ్మ కూడా అటక ఎక్కి తొంగిచూసింది.
"మా పెద్దవ్వ గోడలకెల్లి వస్తుండె అంటె
కత అనుకుంటి" అంది,
ఎవరితోనో కాదు, శరణప్పతోనే.
అతను టార్చి కొంచెం
ఆమె వైపు తిప్పాడు.

రాత్రి లాడ్జిలో పటం గీశాను.
పదిహేడు గీతలు.
ఎక్కే దిక్కుకు బాణం గుర్తు పెట్టాలి,
అది మా పద్ధతి.
పెన్సిల్ ఆగింది.
ఇటువాళ్లకు ఎక్కుడు,
అటువాళ్లకు దిగుడు.

వచ్చే నెల ఎనిమిదిన వాయిదా.
ఎప్పటిలాగే ఇద్దరూ
ఒకే ఆటోలో పోతారట.