పొలుసుల చప్పుడు

కిసుములో, చేపల షెడ్డు వెనక
శనివారాల రాతబడి.
పద్నాలుగేళ్ల ఒదివూర్‌కి
చదవమంటే కడుపునొప్పి.
అచ్చుపుస్తకం ముందు నోరు పెగలదు.

"ఈరోజు చదువు లేదు," అంది అపోండి టీచర్,
"రోజూ వినే చప్పుడొకటి రాయండి."

చాలాసేపు పెన్సిల్ కొరికి అడిగాడు:
"అమ్మ కత్తి తిలాపియా మీద
తోకనుంచి తలదాకా పోతే వస్తుందే,
దానికి స్పెల్లింగ్ ఏంటి?"

"ఎవరూ రాయలేదింకా.
నువ్వెలా రాస్తే అదే."

క్ర్‌ర్‌ష్. క్ర్‌ర్‌ష్.
పేజీలో సగం అదే.
కింద ఒక్క వాక్యం, వంకరగా:
అప్పులాయన వచ్చిన రోజు ఇంకా గట్టిగా.

చదివి వినిపించమన్నారు.
తన రాతే తనకి అడ్డం పడుతుంటే
కూడబలుక్కుంటూ చదివాడు,
కడుపునొప్పి సంగతి మరిచి.

షెడ్డులో కత్తి ఆగింది.
చాలాసేపటిదాకా
మళ్లీ మొదలవలేదు.