ముప్పై మీటర్ల గడి

బాలానగర్‌లో మా ఆఫీసు, మూడో అంతస్తు.
ఏసీ చలికి చున్నీ చెవులదాకా కప్పుకుని
అనంతగిరి అడవిని గడులుగా కోస్తుంటాను.
ఒక్కో గడి ముప్పై మీటర్లు.
అందులో ఎన్ని చెట్లున్నా, ఎన్ని పుట్టలున్నా
నాకు అందేది ఒకే ఒక్క అంకె.

వాన, మట్టి, వాలు, పచ్చదనం, గట్లు –
అయిదింటినీ గుణిస్తే
ఏటా ఎంత మన్ను కొట్టుకుపోతోందో లెక్క తేలుతుంది.
ఎక్కువ పోతే ఎరుపు, తక్కువైతే ఆకుపచ్చ.
మధ్యలో పసుపు,
మా సార్‌కి ఆ రంగంటే అస్సలు పడదు.

మార్చిలో సరిచూడ్డానికి వెళ్ళాం.
బీట్ వాచర్ ఖీమ్యా నాయక్
నా ట్యాబ్ ఎర్రగడి మీద వేలు పెట్టి నవ్వాడు.
"గిది పాడైందా? మోదుగలమ్మా!
ఆకు రాల్చినయ్, గంతే. రెండు వానలు పడనియ్యి."

తర్వాత
నేను నిశ్చింతగా ఆకుపచ్చ పూసిన చోటికి నడిపించాడు.
అంతా లాంటానా కంప.
కింద గడ్డిపోచ లేదు,
గులకరాళ్ళు పళ్ళికిలించిన నేల.
కంప నరికి, లోపలి కోతలోకి దిగాడు
నడుందాకా మునిగాడు, చుక్క నీళ్ళు లేకుండానే.
"నౌకర్ల చేరినప్పుడు
దీన్ని ఒక్క అంగల దాటుతుంటి."
టేపు పెట్టాను. మీటరు మీద పది సెంటీమీటర్లు.
వందల కిలోమీటర్ల పైనుంచి చూసే కన్నుకి
ఆకు కింద ఆ మీటరు ఆనలేదు.

సోమవారం పటం దిద్దాను.
"కచ్చితత్వం ఎంతొచ్చింది?" అన్నారు సార్.
"ఎనభై ఎనిమిది ఉండేది సార్. డెబ్బై తొమ్మిదికి దిగింది."
"చూసొచ్చాక తగ్గడమేంటమ్మా?"
ఏం చెప్పను,
చూసొచ్చాం కాబట్టే అని గొణిగాను.
ఆయనకు వినపడలేదు, లేదా వినపడింది.

ఆ కోత వంకలో కలుస్తుంది, వంక మూసీలో,
మూసీ గండిపేటలో.

ఆగస్టు, మెహిదీపట్నం.
పెద్దవాన మర్నాడు మా నల్లా టీ రంగులో వచ్చింది.
"పారబొయ్యి" అంది అత్తమ్మ.
పొయ్యలేదు. బకెట్టు కదపకుండా ఉంచాను.
తెల్లారేసరికి పైన తేట,
అడుగున గోరు మందాన మెత్తటి ఎర్రమన్ను.
చూపుడు వేలితో తీసి
పాత పటం ప్రింటు మీద
ఒక ఆకుపచ్చ గడికి రాశాను.

ఆఫీసు బస్సు హారన్ కొడుతోంది.
అదింకా ఆరలేదు.