ఎడమ చెవిలో సముద్రం

మా ఇంట్లో చెప్పుకునే మాట ఇదీ:
హార్బరు తవ్వే రోజుల్లో
మా ముత్తాత చోడిపల్లి దానయ్య
తెల్లదొర చెంప పగలగొట్టి జైలుకెళ్లాడు.
ఆయన ఫొటో లేదు. ఒక తెడ్డు ఉంది.
జెండా పండగనాడు మా చిన్నాన్న
ఆ తెడ్డుకి బంతిపూల దండ వేసి
జాలారిపేట పిల్లలకి కథ చెప్పి బిళ్లలు పంచేవాడు.
ఏడాదికో అంగుళం చొప్పున
దొర పొడుగు పెరుగుతూ వచ్చాడు.

పింఛను కోసం కాదు నేను వెతికింది.
దండ పక్కన ఒక కాగితం కూడా ఉంటే
బాగుంటుందనిపించింది, అంతే.

వన్ టౌన్‌లో ఆ గ్రంథాలయం గోడలు
ఉప్పుగాలికి పెచ్చులూడుతున్నాయి.
కట్ట విప్పితే చేతికి పేజీ రాదు, పొడుం వస్తుంది.
1931, ఆగస్టు.
నువ్వుల నూనె మణుగు ధర,
రంగూన్ స్టీమరు బయల్దేరే వేళ,
పళ్లపొడి ప్రకటన,
దాని కింద నా బొటనవేలంత చోటులో:
"పట్టణమందలి జాలరి యొకడు
సారా మైకమున భార్యను తెడ్డుతో గొట్టెను.
పోలీసువారు నిర్బంధించిరి."
పేరు లేదు.
పేరు లేనందుకు ఊపిరి పీల్చుకుని
తేదీ మాత్రం రాసుకున్నాను.

రికార్డు రూములో అప్పలనరసయ్య గారు
ముక్కుకి తువ్వాలు చుట్టుకుని నిచ్చెన దిగుతూ
"మీ వాళ్లేనా?" అన్నారు.
తెలీదన్నాను. అప్పటికి అది నిజమే.

ఖైదీ నంబరు 1147. దానయ్య, తండ్రి పోలయ్య.
వృత్తి చేపలు. చదువు లేదు.
కుడి ముంజేతి మీద రొయ్య పచ్చబొట్టు.
వచ్చిననాటి బరువు తొంభై రెండు పౌండ్లు,
వెళ్లిననాటికి నూట నాలుగు.
సర్కారు సంకటితో
పన్నెండు పౌండ్ల ఒళ్లు చేశాడు మా ముత్తాత.
పక్కవాడి ముద్ద లాక్కున్నందుకు రెండు రోజులు ఒంటరి కొట్టు.
రాత్రులు కేకలు వేయుచున్నాడని మూడుసార్లు ఆసుపత్రి.
ఏమని కేకలు వేశాడో రాయలేదు.
ఆ గడి చిన్నది.

ఇంకో కాగితం, డాక్టరుది:
కాసులమ్మ, వయస్సు ఇరువది,
ఎడమ చెంప వాపు, ఎడమ చెవి నుండి రక్తము.

చెంప నిజమే. చెయ్యీ నిజమే.
దొర ఒక్కడే అబద్ధం.

తాతమ్మా,
చిన్నప్పుడు నీ ఎడమ పక్క కూర్చుని ఎంత పిలిచినా పలకవు.
గట్టిగా తడితే ఇటు తిరిగి నవ్వేదానివి:
"సెవిలోకి సవుద్రం దూరిపోనాదే అమ్మా,
ఒకటే హోరు."
నేను నమ్మాను. గవ్వ చెవికి పెట్టుకుని
నాకూ దూరిందని ఊరంతా చెప్పుకున్నాను.

ఫైలు చివర మరో చీటీ:
సాక్ష్యముగా నుంచిన తెడ్డు ఒకటి
ఫిర్యాదికి తిరిగి అప్పగించడమైనది.
కింద ఊదారంగు వేలిముద్ర.
వలతాడు కోసిన గీత దాని మధ్య నుంచి పోతోంది.
కోర్టు మెట్ల మీద నుంచి
ఆ తెడ్డు భుజాన వేసుకుని
ఎండలో నువ్వొక్కదానివే నడిచావా?
నీ తమ్ముడి తెప్పకి తెడ్డు కావాలి. కర్ర ఖరీదు.
తెడ్డు తప్పేముందిలే అనుకున్నావా,
అసలేమీ అనుకోలేదా?
జెండా పండగనాడు
దానికి ఎడమ పక్క తిప్పి కూర్చుని
ఎండుచేపలు తిరగేసేదానివి. అది మాత్రం గుర్తుంది.

విడుదల 1932 ఫిబ్రవరి. దారి ఖర్చు ఆరణాలు.
ఆ తర్వాత ఏ కట్టలోనూ అతను లేడు.
అదే వారం పత్రికలో
రంగూన్ స్టీమరు వేళ మళ్లీ వేశారు.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాను.
ఫోను మోగింది. చిన్నాన్న.
ఎనభై దాటినా గొంతు తగ్గలేదు.
"దొరికిందేటమ్మా?"
దొరికింది అన్నాను.
"నాను సెప్పలేదేటి!
మరి, ఆ దొర పేరేటని రాసారు?"