ఎక్కకుండా దిగేవాళ్ళు

షెఫీల్డులో కట్లర్స్ రైజ్ అని ఒక నిట్రమైన వీధి.
దానికి అడ్డంగా పరిచిన నల్ల రబ్బరు గొట్టం
వారంపాటు చక్రాల్ని లెక్కపెట్టి
నా బల్లమీదికి పంపిన కబురు ఇది:
రోజుకి దిగిన సైకిళ్ళు నలభై ఒకటి.
ఎక్కినవి పన్నెండు.

మిగతా ఇరవై తొమ్మిదీ
ఆకాశంలోంచి ఊడిపడుతున్నాయా?

నా కంప్యూటరు నమూనాకి ఇలాంటివి గిట్టవు.
దానికి తెలిసిందల్లా ఇల్లు, పని, మధ్య దూరం,
నూరడుగులు నడిస్తే ఎన్నడుగులు పైకి లేస్తామన్నది.
ఆ లెక్క ఏడు దాటిందా,
మనుషుల్ని పొట్టులా చెరిగి పారేస్తుంది.
అది గీసిన పటంలో
నది ఒడ్డున జడంత గీత,
ఈ కొండమీద వెంట్రుకవాసి.
దారి వేసేది లావు గీతకే.
డబ్బులు ఉన్నది అంతవరకే.

"గొట్టం చెడింది, ఆ వారం తీసిపారెయ్"
అన్నాడు స్టానిఫోర్త్.
ఆయన గురి అంతా జనాభా లెక్కల మీద.
ఆ ఫారంలో పనికి ఎలా వెళ్తారన్న చోట
ఒక్క గడిలోనే టిక్కు పెట్టాలి.
స్టేషను దాకా తొక్కి రైలెక్కినవాడు
అక్కడ ఉత్త రైలు మనిషి.

కాకిలెక్కలు రాసి సంతకం పెట్టడం నాకు చాతకాదు.
ఫ్లాస్కూ, మడత కుర్చీ,
నొక్కితే టిక్కుమనే చేతియంత్రం పట్టుకుని
తెల్లారకముందే వెళ్ళి కొండమొదట్లో కూచున్నాను.
సన్నజల్లు. టీ మూతలోకి కూడా.

నాలుగూ నలభైకి మొదటి దీపం.
చక్రం తిరిగితేనే వెలిగే రకం కాబోలు,
నడక వేగానికి మినుకుమంటూ.
సీటుకి పాలిథిన్ సంచి,
పక్కన ఒకామె, హ్యాండిలు పట్టుకుని
జ్వరమొచ్చిన పిల్లని నడిపిస్తున్నట్టు
సైకిల్ని పేవ్‌మెంటు మీద నడిపిస్తోంది,
గొట్టం కొసకి జానెడు అవతలగా.

ఆమె వెనక ఇంకొకరు. ఆ వెనక ఇద్దరు.
పైన పెద్దాసుపత్రి. ఆరింటికల్లా నేలలు మెరవాలి.
ఇంత పొద్దున ఏ బస్సూ కొండెక్కదు.

నిబంధనల పుస్తకం తీశాను. పన్నెండో పేజీ:
సైకిలు నెట్టుకుంటూ వెళ్ళే వ్యక్తి పాదచారి.
టిక్కు. పాదచారి. టిక్కు. పాదచారి.

ఊపిరి తీసుకోవడానికి ఆగింది మొదటామె.
హోదాన్ అట పేరు.
"నన్ను ఎందులో వేశావు?"
"ఎక్కేటప్పుడు నడిచేవాళ్ళలో.
దిగేటప్పుడు సైకిలువాళ్ళలో."
ఆమె ఒకసారి ముందుచక్రం కేసి చూసింది.
"మరి ఇదో? ఇదీ రోజూ ఎక్కుతోందిగా, నాతోపాటే."

అటు చదునుగా ఉంటుంది కదా,
ట్రాము వీధిమీదుగా వెళ్ళొచ్చుగా అన్నాను.
నా నమూనా ఆమెని పంపిన దారి అదే.
పై పెదవి ఎత్తి చూపించింది:
పట్టాల సందులో చక్రం ఇరుక్కున్న రోజున
సగం విరిగిన పన్ను.

నమూనాలో పళ్ళకి గడి లేదు.

ఆఫీసుకొచ్చి పట్టికలో కొత్త వరస ఒకటి కలిపాను.
పేరు: నెట్టుడు.
ఇదేం కొలమానమమ్మా అన్నాడు స్టానిఫోర్త్,
కానీ చెరిపెయ్యలేదు.
పటంలో వెంట్రుక ఇప్పుడు చీపురుపుల్ల అయింది.
దారికి ఇంకా చాలదు.

వచ్చే నెల గొట్టం పరిచేవాళ్ళకి మాత్రం
ఫోను చేసి చెప్పాను,
ఇంకో జానెడు ఎక్కువ కొనమని,
పేవ్‌మెంటు మీదికి వచ్చేలా.