కంకర మీద అడుగులు

అల్కారియా కొండల్లో జనవరి రాత్రి
గొళ్లెం ముట్టుకుంటే వేలికి అతుక్కుంటుంది.
నలభై మీటర్ల పళ్లెం
కృత్తికల పక్కన ఓ నల్లటి చోటుకేసి మొహం తిప్పుకుని ఉంది.
తిప్పింది నేనే. నా ఉద్యోగం అదే.

అక్కడ చుక్కలు లేక కాదు నలుపు,
మసి అడ్డం.
మా ఊరి చర్చి గంటకి కంచు కరుగుతున్న రోజుల్లో
అక్కణ్నించి బయల్దేరిన అల
ఈ రాత్రికి ఇక్కడికి చేరుతుంది.
రిసీవర్ని హీలియంలో ముంచి,
దాని ఒంటి వెచ్చదనం దానికే వినబడకుండా
నోరు నొక్కి కూచోబెట్టాం.

ల్యాబు నుంచి నియెవెస్ తీగ ఫోన్లో చెప్పింది:
"నాలుగు బెంజీన్ వలయాలు, తేనెపట్టు గదుల్లా అంటుకుని.
తారులో ఉంటాయి, మాడిన రొట్టె అంచులో ఉంటాయి.
రెండు గదులే అయితే
మీ అమ్మ బీరువాలో కలరా ఉండ."

నవ్వొచ్చింది.
అమ్మ ఉన్నికోటు వాసన
వృషభరాశిలో.

"చిక్కేమిటంటే అది మూగది.
అన్ని వైపులా సమంగా ఉంది కదా,
ఎంత గిరగిరా తిరిగినా రేడియోకి ఉలుకూ పలుకూ ఉండదు.
ఓ మూల హైడ్రోజన్ ఊడి
కార్బన్, నైట్రోజన్ జంట తోకలా తగులుకుందనుకో,
అప్పుడు ఓ పక్కకి తూగుతుంది.
తూగితేనే వింటాం.
తోకున్నవాటిని విని, లేనివెన్నో లెక్క కట్టుకోవాలి."

రెండు చలికాలాలు. ఏడువందల గంటలు.
తెర మీద గడ్డి.
గాలి కూడా లేని గడ్డి.
ఒకసారి ఓ గీత నిటారుగా లేచింది, నేనూ కుర్చీలోంచి లేచాను;
తీరా చూస్తే
ఎవరింటికో సినిమాలు మోస్తున్న ఉపగ్రహం.

గేటు కాపలా ఎలెవూతేరియోకి
ట్రాక్టరు మీద పడ్డప్పుడు ఎడమకాలు రెండంగుళాలు తగ్గింది.
ఒక అడుగు బరువు, ఒక అడుగు ఈడ్పు.
కంకర మీద ఆ చప్పుడు మలుపు దగ్గర వినగానే
కాఫీ పొయ్యి మీద పెట్టేదాన్ని.
పగలు తేనెటీగల్ని చూసుకునేవాడు,
రాత్రి మమ్మల్ని.
ఓ రాత్రి జేబులోంచి పట్టు ముక్క తీసి
కాగితాల మీదే పెట్టాడు. ఆ జిగట ఇంకా నా లాగ్‌బుక్కులో ఉంది.

నియెవెస్ మాటలు నాకు చేతనైనట్టు చెప్పాను.
వేలు నాక్కుంటూ విన్నాడు.
"ఇందులో వింతేముంది?
సరిగ్గా నడిచే ఆ ఇంజనీరు వస్తే నువ్వు తలెత్తి చూడవు.
నేనొస్తే తలుపు తీసి పెడతావు."

మార్చిలో ఓ మంగళవారం,
నియెవెస్ పంపిన పట్టికలో గీతలు ఎక్కడెక్కడ ఉండాలో
అక్కడక్కడి గడ్డినంతా కోసి
ఒకదాని మీద ఒకటి పేర్చాను, నూట ఎనభై ముక్కలు.
విడివిడిగా ఏదీ గుసగుసైనా కాదు.
పేర్చాక, మధ్యలో,
దుప్పటి కింద మోకాలంత ఉబ్బు.

ఎవరికీ చెప్పలేదు, గంటసేపు.
బయటికెళ్లి చలిలో నిలబడ్డాను.
మసి, తారు, మాడిన రొట్టె,
సూర్యుడింకా పుట్టని చోట
ఎవరు వెలిగించారని ఇంత మసి?

కాగితం అచ్చయింది. మూగవాటి సంఖ్య రాసి
దాని ముందు నియెవెస్ ఒక మాట చేర్చింది:
కనీసం.

ఎలెవూతేరియో ఏప్రిల్లో మానేశాడు,
కూతురి దగ్గరికి, సముద్రం ఒడ్డుకి.
కొత్త కాపలా కుర్రాడు మంచివాడు.
రెండు కాళ్లూ ఒకే తూకం.
తలుపు దగ్గరికొచ్చి దగ్గేదాకా
వచ్చాడని తెలీదు,
ప్రతి రాత్రీ ఉలిక్కిపడతాను.