పరిగె

మా నాయనమ్మ చేలోకి వంగితే
పొద్దుగూకితే గానీ నడుం ఎత్తేది కాదు.
కోతలై, కుప్పలై,
ఆసామి గట్టు మీంచి "ఇక ఏరుకోండి" అని కేకేశాక
నేలన మిగిలిన కంకులు ఆమెవి.
పరిగె అనేవాళ్లు.
ఒళ్లో పోసుకుని, తెనాలి కాలవ వెంట, చీకట్లో.

ఇప్పుడు కంచరపాలెంలో
సైకిల్ షాపు మీద అద్దె గది.
శనివారం పొద్దున ఎలియాజరు తాత చదువుతాడు,
పొలం మూలలు కోయకూడదని,
ఆ మూల లేనివాడిదని.

పద్నాలుగు కుటుంబాలం. సెంటు భూమి లేదు ఎవరికీ.
వానొస్తే గదికి రెండు మూలలు కారతాయి.
"ఏ మూల వదలమంటావు తాతా?" అన్నాడు ఎజ్రా.
"అరవైలో ఒక వంతు చాలన్నారు పెద్దలు."
"గంటకో నిమిషమా?
జగదాంబ సిగ్నల్ దగ్గరే అయిపోద్ది అది!"

నవ్వాం.
ఆ సోమవారం నుంచీ
ఎజ్రా ఆటో ఆఖరి ట్రిప్పు కేజీహెచ్ గేటు ముందు ఆగుతోంది,
డయాలసిస్ అయినవాళ్ల కోసం,
మీటరు మీద చేతిరుమాలు కప్పుకుని.
కెజియా బడిపిల్లల చొక్కాలు కుడుతుంది,
అరవయ్యో చొక్కాకి బిల్లు రాయదు.
నేను పోర్టులో టాలీ గుమస్తాని.
రాయడం ఒక్కటే వచ్చు నాకు.

పోలమ్మ మొగుడు మ్యాన్‌హోల్లో దిగాడు,
పైకి రాలేదు.
ఐదు కిలోల బియ్యం తీసుకెళ్లాం.
సంచీ వైపు చూడనైనా లేదు.
"బియ్యం ఏటి సేసుకోను బాబూ, నాకు రెక్కల్లేవా?
మస్టర్లో ఆడి పేరే నేదంతన్నాడు కంట్రాక్టరు.
అది రాయించండి."

సంచీ వెనక్కి మోసుకొచ్చేటప్పుడు
వెళ్లినప్పటికన్నా బరువుగా ఉంది.

ఆ శనివారం నాలుగింటికే వచ్చి కూచుంది మెట్ల మీద.
మూడు చుక్కలు పొడిచేదాకా మేం కలం పట్టం,
చెప్పాను, సిగ్గుపడుతూనే.
"పొడవనీ" అంది.
డాబా మీద పిల్లలు
బొగ్గుధూళి తుడుచుకుని లెక్కపెడుతున్నారు.
ఒకటి డాల్ఫిన్స్ నోస్ మీద.
ఒకటి రైల్వే యార్డు పైన.
"మూడోది అదిగో!" నాఫ్తాలి కేక.
పోలమ్మ లేచి చూసింది.
"అది నంగరేసిన ఓడ. సుక్క కాదు."
తొందర ఆమెది,
అయినా ఒప్పుకోలేదు.

చుక్క పొడిచింది.
జడలా అల్లిన కొవ్వొత్తి వెలిగింది,
ఏలకులూ లవంగాలూ చేతులు మారాయి,
పోలమ్మ కూడా వాసన చూసి పక్కకి అందించింది.
అప్పుడు కలం మూత తీశాను.

పదిమంది లేనిదే మాకు ప్రార్థన లేదు.
తెలుగులోనూ అంతేగా,
పదిమంది అంటేనే లోకం.
పదిమందిమీ ఆమె వెనకే వెళ్లాం.
గుమస్తా తలెత్తాడు. "ఏ యూనియన్?"
"యూనియన్ కాదు, యూదులం."
"అంటే, ఏ కులం?"
ఎలియాజరు తాత చాలాసేపు అతన్నే చూశాడు.
"ఆ ప్రశ్నకి జవాబు చెప్పీ చెప్పీ
మా వాళ్లు పొలం మూలనే ఉండిపోయారు నాయనా.
ముందు ఆమెకి కుర్చీ వెయ్యి."

కుర్చీ వేశాడు.
ఫైలు ఒక బల్ల మీంచి
ఇంకో బల్ల మీదికి వెళ్లింది, అంతే.
ఆరుసార్లు తిరిగాం. ఇంకా తిరుగుతున్నాం.

నిన్న జ్ఞానాపురం నుంచి ఇంకొకావిడ వచ్చింది,
చేతిలో మొగుడి గుర్తింపు కార్డు,
ఫోటో తడిసి మొహం చెరిగిపోయింది.
తాతకి జ్వరం.
మెట్ల కింద నిలబడి లెక్క చూసుకుంటే
తొమ్మిదిమందిమి.

పోలమ్మ కొప్పు ముడేసుకుంటూ
మెట్లు దిగింది.

"నానొస్తాను.
నెక్క సరిపోద్ది."