ఒక్కపూట సెలవు

హార్బరు గేటు దగ్గర ఎక్కాడు,
బొగ్గు ఓడలో వంటవాడట.
వార్దాన్ అన్నాడు పేరు,
నా చెవికి వర్ధనే.

తొట్లకొండ మలుపులో ఆటో రొప్పింది.
దిగి ఇద్దరం తోశాం.

పైన కప్పుల్లేని గదులు,
ఒక భిక్షువు కాళ్ళు చాపుకునేంత మేర
మోకాలెత్తు గోడలు.
చెప్పులు విడిచి ఒకదాంట్లో కూర్చున్నాడు.
వాళ్ళ ఆర్మేనియాలోనూ కొండమీదే మఠాలట,
లోపల చీకటి, మైనం వాసన,
రాయి రాయికీ ఎవరో చెక్కిపోయిన సిలువ.
వచ్చీరాని ఇంగ్లీషు ఇద్దరిదీ,
మిగతాదంతా చేతులు.
సముద్రం మాత్రం లేదట వాళ్ళకి.

కింద అంత సముద్రం పెట్టుకుని
రాతితొట్టిలో వాననీళ్ళని
వేలితో కదిపి చూశాడు.

భీమిలిలో నూకరత్నం గారి వెనకవసారా.
ఇడ్లీపిండి రుబ్బిన గ్రైండరే
మూడ్రోజులుగా కోకో గింజలు నూరుతోంది.
"అనకాపల్లి బెల్లమే వేశాను బాబూ"
చాకు కొసన తీసి ఇచ్చింది.
నాకు చేదు. మొహం చిట్లించాను.
అతను మాత్రం
మింగడం మర్చిపోయినట్టు
తిరుగుతున్న రాయినే చూస్తూ నిలబడ్డాడు.
ఆరింటికి గేటు మూస్తారని
రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

దిగేటప్పుడు చేతిలో పెట్టిన ముక్క
ఎండకి మెత్తబడి ఉంది,
మీద అతని బొటనవేలి గుర్తు.
ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడింది,
గుర్తుతో సహా.

ఓడ ఎప్పుడు కదిలిందో తెలీదు.
తినెయ్, లేకపోతే పారెయ్
అంటోంది మా ఆవిడ.